నాలుగు గట్లూ కొలిస్తే చాలదు

తెనాలి,
ఆదివారం ఉదయం.

చిరంజీవి చిట్టితల్లికి మీ పెద్దమామయ్య దీవించి రాయునది. మీ అత్తయ్య నీకోసం మాగాయ జాడీ కట్టిపెట్టింది. ఈసారి రేపల్లె రైలెక్కే ముందు ఇంటికొచ్చి పట్టుకుపో.

నిన్న రాత్రి ఫోనులో నీ గొంతు విన్నాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కాగితం ముందేసుకున్నా. లెక్క ఫోనులో చెబితే గాల్లో పోతుంది. కాగితం మీదుంటే రేపు ఆ రైతుకి కూడా చూపించుకోవచ్చు.

నువ్వు చెప్పింది ఇదీ. నువ్వు సర్వేయరుగా ఉన్న గ్రామ సచివాలయం కింద ఒక మాగాణి చెక్క. ఉపగ్రహాలతో కొలిచే రోవరు ఎకరం చూపించింది. రైతు ఒప్పుకోలేదు. తాతల నాటి లెక్క తీశాడు. ఎదురెదురు గట్లు కూడి సగం చేసి, ఆ సగాలు రెండూ హెచ్చవేసి, "ఎకరం నాలుగు సెంట్లు ఉండాలి, నా నాలుగు సెంట్లు ఎవరికి రాశావమ్మాయ్?" అని పదిమందిలో అడిగాడు. నువ్వు టేపు తీసుకుని నాలుగు గట్లూ మళ్ళీ కొలిచావు. ఆయన చెప్పిన కొలతలే వచ్చాయి. దాంతో నీకు నోట మాట రాలేదు.

నీ టేపు తప్పు కాదు, రోవరు తప్పు కాదు, ఆ రైతు అబద్ధమూ ఆడలేదు. నాలుగు గట్లు కొలిస్తే చేను తెలిసిపోతుందనుకోవడమే తప్పు. ముప్పయ్యేళ్ళు గొలుసు వెంట నడిచినవాడిగా నీకు చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే: చేను చుట్టూ తిరిగితే చాలదు తల్లీ, మూల నుంచి మూలకు అడ్డంగా నడవాలి.

ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో బాపట్ల వైపు ఒక ఊళ్ళో అన్నదమ్ముల పంపకానికి పిలిచారు. రెండు చెక్కలు. గొలుసుకి నూరు లింకులు కదా, రెండింటికీ గట్లు 300 లింకులు, 400 లింకులు, 300, 400. నాలుగు పక్కలా గొలుసు లాగి, 300 ఇంటు 400 వేసి, చెరో ఎకరం ఇరవై సెంట్లని చెప్పేశాను. భోజనం పెట్టి పంపారు. రెండేళ్ళ తర్వాత తమ్ముడు మా ఆఫీసు అరుగు మీద కనిపించాడు. "అన్న చేలో కంటే నా చేలో ఏటా రెండు మూడు బస్తాలు తక్కువొస్తున్నాయండీ, ఒకటే నీరు, ఒకటే ఎరువు" అన్నాడు. నాకు తట్టలేదు. పక్కన ఉన్న పాతకాలపు చైన్‌మన్ నవ్వి, "బాబూ, కర్ణం లాగారా?" అన్నాడు.

లాగలేదు. వెళ్ళి లాగాను. అన్న చెక్కకి మూల నుంచి మూలకు 500 లింకులు వచ్చింది. 300, 400, 500 అంటే మూలమట్టం పెట్టినట్టే, నిక్కచ్చి దీర్ఘచతురస్రం. తమ్ముడి చెక్కకి ఆ కొలత 400 లింకులే. అంటే చెక్క పక్కకి ఒరిగింది. లెక్క కడితే 111 సెంట్ల పైన కాస్త తేలింది. దాదాపు తొమ్మిది సెంట్లు నా కలం కింద మాయమైపోయాయి. రాయి జరిపి సర్దేదాకా అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోలేదు. ఆ పాపం ఇప్పటికీ నాదే అనుకుంటాను.

దీన్ని ఆ రైతుకి ఎట్లా చూపించాలో చెబుతా. కొత్త చీపురు లోంచి నాలుగు ఈనెలు తీసుకో. రెండు పొడుగు, రెండు పొట్టి. కొసలకు దారంతో ముడులు వేసి దీర్ఘచతురస్రాకారంలో కట్టు. ముడులు మరీ బిగించకు. బల్ల మీద పెట్టి ఒక మూల పట్టుకుని మెల్లిగా నొక్కు. ఒరుగుతుంది. ఇంకా నొక్కు, సన్నబడుతుంది. చివరికి నాలుగు ఈనెలూ ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. ఈనెల పొడవు మారిందా? లేదు. లోపల చోటు? సున్నా. నాలుగు గట్లూ అవే, చేను మాత్రం మాయం! ఇది కళ్ళారా చూసిన రైతు మరి వాదించడు.

ఇప్పుడు ఒక ఈనె తీసేసి మూడింటితో కట్టు. నొక్కు. కదలదు. అదీ త్రిభుజం గొప్పతనం. మూడు భుజాలు ఖాయమైతే ఆకారం ఖాయం, వైశాల్యమూ ఖాయం. కరెంటు టవర్లలో, రేకుల షెడ్డు దూలాల్లో అన్నీ త్రిభుజాలే ఎందుకుంటాయో ఇక్కడే అర్థమవుతుంది. నాలుగు గట్ల చేలో కర్ణం లాగడమంటే ఏమిటి? కదిలిపోయే ఆకారాన్ని కదలని రెండు త్రిభుజాలుగా కట్టిపడేయడం. అంతే.

ఇక మీ చెక్కనే తీసుకుందాం. నువ్వు మీటర్లలో చెప్పినవి నేను లింకుల్లోకి మార్చుకున్నా, పాత చేతి అలవాటు. గట్లు వరసగా 277, 400, 281, 347 లింకులు. రైతు లెక్కలో 277, 281 కూడి సగం చేస్తే 279. 400, 347 కూడి సగం చేస్తే 373.5. రెండూ హెచ్చవేస్తే 1,04,206 చదరపు లింకుల పైచిలుకు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు కాబట్టి 104.2 సెంట్లు. ఆయన అన్నది అదే.

ఇప్పుడు కర్ణం. నువ్వు పంపిన రోవరు పటంలో పెద్ద కర్ణం 520 లింకులు ఉంది. దానికి ఎడమ మూల నుంచి లంబం 210, కుడి మూల నుంచి లంబం 175. ఎడమ త్రిభుజం 520 ఇంటు 210లో సగం, 54,600. కుడి త్రిభుజం 520 ఇంటు 175లో సగం, 45,500. మొత్తం 1,00,100. అంటే నూరు సెంట్లూ, ఒక సెంటులో పదో వంతూ. రోవరు చెప్పిందీ అదే.

ఇంకో మాట కూడా ఆయనకి చెప్పు. ఆ నాలుగు గట్లతో మూలల్ని ఎట్లా తిప్పి పెట్టినా, ఎంత విప్పార్చినా, 103.7 సెంట్లకు మించి చోటు రాదు. నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద కూర్చున్నప్పుడు వచ్చే గరిష్ఠం అది. కాబట్టి ఆయన చెప్పే 104.2 సెంట్లు ఆ గట్ల మధ్య ఎన్నడూ లేదు, ఉండబోదు. పోయింది భూమి కాదు, లెక్కలో పుట్టిన గాలి.

అయితే ఆ రైతుని చిన్నచూపు చూడకు. ఆయన లెక్క నిన్నా మొన్నా పుట్టింది కాదు. సుమారు క్రీ.శ. 850 ప్రాంతంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహం' రాశాడు. అందులో చతుర్భుజానికి రెండు దారులు చెప్పాడు. ఒకటి వ్యావహారికం, అంటే పని నడిచేందుకు: ఎదురెదురు భుజాల సరాసరులు హెచ్చవేయడం. మీ రైతు వేసింది అచ్చంగా అదే. రెండోది సూక్ష్మం, అంటే ఖచ్చితమైనది. ఆ గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మనకు దొరికే తొలి గణిత గ్రంథం అదే. పావులూరు ఎక్కడో కాదు, ఇంకొల్లు మండలం, మీ బాపట్ల జిల్లాలోనే. మల్లన ఆ ఊరి కరణమని చెబుతారు. వెయ్యేళ్ళ కిందటి కరణం లెక్క నీ రైతు నోట వినిపించిందంటే ఆశ్చర్యపోవాల్సిందే కదా!

కాకపోతే ఈ సరాసరి లెక్కకు ఒక గుణం ఉంది, అది గుర్తుపెట్టుకో. అది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు. సరిగ్గా దీర్ఘచతురస్రమైతే సమానంగా వస్తుంది, మూల ఏ మాత్రం వంకరపోయినా పెరుగుతుంది. అంటే శిస్తు వేసేవాడికీ, అమ్మేవాడికీ లాభం. కట్టేవాడికీ, కొనేవాడికీ నష్టం. పాతకాలంలో ఈజిప్టు దేవాలయ భూముల్ని కూడా ఇట్లాగే కొలిచారు. ఎవరికి అనువుగా ఉందో వాళ్ళు ఈ లెక్కను వెయ్యేళ్ళు బతికించారని నా అనుమానం.

నాలుగు భుజాలే చాలవని మన వాళ్ళలో గట్టిగా చెప్పినవాడు భాస్కరాచార్యుడు. 1150లో రాసిన 'లీలావతి'లో, కర్ణమో లంబమో చెప్పకుండా నాలుగు భుజాలే ఇచ్చి వైశాల్యం అడిగేవాణ్ణి పిశాచమన్నాడు. అడిగినప్పుడు జవాబు చెప్పేవాడు అంతకన్నా పెద్ద పిశాచమన్నాడు. బాపట్ల పంపకం రోజున నేను ఆ రెండో రకం పిశాచాన్నే. నువ్వు మాత్రం కాకు.

ఇప్పుడు త్రిభుజం సంగతి. సగం ఎందుకొస్తుందని రైతు అడుగుతాడు. ఆయన భుజం మీద కండువా అడుగు. పరచి, మూల నుంచి మూలకు మడత పెట్టు. రెండు త్రిభుజాలు, రెండూ ఒకటే. కండువా పొడుగు ఇంటు వెడల్పు, అందులో సగం. మరి ఒరిగిన త్రిభుజమైతే? దానికీ అంతే. భూమి (అంటే అడుగు భుజం) అదే, ఎత్తు అదే ఉన్నంతకాలం పై మూలను ఎటు జరిపినా వైశాల్యం మారదు. 499లో ఆర్యభటుడు చెప్పిన సూత్రం కూడా ఇదే: భూమిలో సగం, ఇంటు లంబం.

అసలు చిక్కు లంబం దగ్గరే. పిల్లలు బళ్ళో పక్క భుజాన్ని ఎత్తనుకుంటారు, పొలంలో పెద్దవాళ్ళూ పక్క గట్టునే ఎత్తనుకుంటారు. పక్క గట్టు ఏటవాలుగా పోతే దాని పొడుగు లంబం కంటే ఎప్పుడూ ఎక్కువే. మరి లంబం పట్టడం ఎట్లా? మా రోజుల్లో క్రాస్ స్టాఫ్ ఉండేది. చెక్క తల, అందులో అడ్డంగా, నిలువుగా రెండు గాట్లు. ఒక గాటు లోంచి గొలుసు వెంట చూసి, రెండో గాటు లోంచి మూల రాయి కనబడేదాకా ముందుకూ వెనక్కూ జరగడం. అది లేకపోయినా ఫరవాలేదు. మూల రాయి దగ్గర మనిషిని నిలబెట్టి టేపు మొదలు పట్టుకోమను. రెండో కొస నువ్వు పట్టుకుని కర్ణం తాడు వెంట అటూ ఇటూ ఊపు. టేపు మీద అంకె తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఒకచోట మళ్ళీ పెరగడం మొదలెడుతుంది. ఎక్కడైతే అన్నిటికన్నా తక్కువుందో అదే లంబం, అదే దాని పాదం. ఇంతకన్నా చవకైన పరికరం ఎక్కడా దొరకదు.

టేపు వేలాడనీయకు. వేలాడితే పొడుగు ఎక్కువ చూపిస్తుంది, పొడుగులో నూటికి ఒకటి తేడా వస్తే విస్తీర్ణంలో నూటికి రెండు వస్తుంది. కర్ణాలు రెండిట్లో పెద్దదాన్నే పట్టుకో. అప్పుడు చాలావరకు లంబాలు రెండూ చేను లోపలే పడతాయి, పక్కవాడి మినుములు తొక్కాల్సిన పని ఉండదు. మన పాత మద్రాసు రాష్ట్రపు ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) పటం ఒకటి తీసి చూడు. ప్రతి సర్వే నంబరులోనూ మూల నుంచి మూలకు గీతలు, వాటి నుంచి గట్ల మలుపులకు లంబాలు, పక్కన లింకుల అంకెలు. తెలంగాణ వాళ్ళు టిప్పన్ అనే పటంతో ఇదే పని చేసేవాళ్ళు. ఆ గీతల్ని అలంకారమనుకునేవు. చేను ఆ గీతల్లోనే ఉంది.

లింకులెందుకని నీ తరం వాళ్ళు నవ్వుతారు. ఒక్కసారి లెక్క చూడు. ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ 1620లో తయారుచేసిన గొలుసు 66 అడుగులు, 100 లింకులు. 66 అడుగులంటే 22 గజాలు, క్రికెట్ పిచ్ పొడవు. పొడుగున పది గొలుసులు, వెడల్పున ఒక గొలుసు వేస్తే ఎకరం. అంటే లక్ష చదరపు లింకులు. అందులో నూరో వంతు సెంటు, వెయ్యి చదరపు లింకులు. లింకుల్లో లెక్క కట్టి చివరి మూడంకెలు వదిలేస్తే సెంట్లు వచ్చేసినట్టే! అదే అడుగుల్లో అయితే సెంటుకి 435.6 చదరపు అడుగులు, గజాల్లో 48.4. మీటర్లలో అయితే హెక్టారు పదివేల చదరపు మీటర్లు, రెండెకరాల 47 సెంట్లు. తెలంగాణ చుట్టాలు గుంట అంటే కంగారుపడకు, 121 గజాలు, నలభై గుంటలు ఎకరం. ఒక హెచ్చరిక: గజానికి మూడడుగులు కదా అని చదరపు గజానికి మూడు చదరపు అడుగులనుకునేవాళ్ళు ఉన్నారు. తొమ్మిది. ఇంటి స్థలాల బేరాల్లో ఈ ఒక్క పొరపాటుతో చాలామంది పరువు పోయింది.

నాలుగు సెంట్లంటే ఎంతో మీ రైతుకి కూడా తెలుసు. 193.6 గజాలు. రేపల్లెలో ఒక ఇల్లు కట్టుకునే స్థలం. అందుకే ఆయన కేకలేశాడు. ఆయన లెక్క తప్పై ఉండొచ్చు గానీ, కోపం తప్పు కాదు.

సరాసరి ఎక్కడ చెల్లుతుందో కూడా చెప్పాలి, లేకపోతే దాన్ని పూర్తిగా పారేస్తావు. రెండు గట్లు ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే, అంటే ట్రెపీజియం అయితే, ఆ రెండింటి సరాసరి న్యాయమే. ఈశాన్యం పెరిగిన ఇంటి స్థలం ఉందనుకో. ముందు 36 అడుగులు, వెనక 30, మధ్య దూరం 60. సరాసరి 33, ఇంటు 60, 1980 చదరపు అడుగులు, సరిగ్గా 220 గజాలు. కాకపోతే ఆ 60 పక్క గోడ పొడుగు కాకూడదు. ముందుకీ వెనక్కీ మధ్య నిటారుగా కొలిచిన దూరం కావాలి. చూశావా, తిరిగి తిరిగి లంబం దగ్గరికే వచ్చాం.

మీ ప్రాంతంలో చేలకు ఒక పక్క కాలువో డొంకో ఉంటుంది. కాలువ గట్టు తిన్నగా పోదు, పాములా పోతుంది. భయపడకు. ఆ పక్కన ఒక తిన్నని గీత లాగు. గీత వెంట ప్రతి 50 లింకులకూ ఆగి, అక్కణ్ణుంచి కాలువ గట్టుకి లంబం కొలువు. మొదట్లో 0, తర్వాత 12, 20, 18, 8, చివర 0 వచ్చాయనుకో. రెండు లంబాల మధ్య ముక్క ఒక్కోటీ ఒక చిన్న ట్రెపీజియం, రెండు కొసల్లోవి త్రిభుజాలు. అన్నీ కలిపితే మధ్య నాలుగింటి మొత్తం 58, ఇంటు 50, 2900. అంటే రెండు సెంట్ల తొంభై. దాన్ని తిన్నని గీత లోపలి చేనుకి కలుపుకో, గట్టు లోపలికి వంగిన చోటైతే తీసెయ్. నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులకి కొలత అడిగితే, ముందు ఒక ప్రశ్న వేయి: గట్టు పై అంచు దగ్గరా, నీటి మట్టం దగ్గరా, అడుగు దగ్గరా? ఏటవాలు గట్టుకి ఈ మూడూ మూడు విస్తీర్ణాలు. ఏది రాశావో కాగితం మీద రాసిపెట్టు.

గుండ్రటివి మనకు తక్కువే, వచ్చినా బెదరకు. ఈసారి రైల్లో వచ్చేటప్పుడు భట్టిప్రోలులో దిగి స్తూపం చూడు. గుండ్రటి కట్టడం. దాని మధ్యలోకి పోయి వ్యాసార్ధం కొలవలేవు, చుట్టూ మాత్రం తిరగగలవు. ఏదైనా గుండ్రటి దిబ్బ చుట్టుకొలత 132 అడుగులు వచ్చిందనుకో. 22/7 పెట్టి లెక్క కడితే వ్యాసార్ధం 21 అడుగులు. చుట్టుకొలతలో సగం 66, ఇంటు 21, 1386 చదరపు అడుగులు. సగం చుట్టుకొలత ఇంటు వ్యాసార్ధం ఎందుకంటే, మీ అత్తయ్య వేసే దిబ్బరొట్టెను సన్నటి ముక్కలుగా కోసి, ఒక మొన పైకి, ఒక మొన కిందికి పక్కపక్కన పేర్చి చూడు. ముక్కలు ఎంత సన్నవైతే అంత చక్కగా దీర్ఘచతురస్రంలోకి ఒదుగుతాయి. పొడుగు సగం చుట్టుకొలత, ఎత్తు వ్యాసార్ధం. చివరికి గుండ్రం కూడా త్రిభుజాల గుంపే.

మొన్న బాపట్ల వ్యవసాయ కళాశాల నుంచి మీ తమ్ముడు ఫోన్ చేసినప్పుడు కూడా ఈ కర్ణం కబురే చెప్పాను. 1945 నుంచి నడుస్తున్న కాలేజీ అది, కొలతలంటే వాళ్ళకి కొత్త కాదు. పంట కోత ప్రయోగానికి వరి చేలో 5 మీటర్ల చదరం వేస్తారు, 25 చదరపు మీటర్లు. అందులో వచ్చిన ధాన్యాన్ని 400తో హెచ్చవేస్తే హెక్టారు దిగుబడి. అంటే చదరంలో జరిగిన తప్పు కూడా 400 రెట్లవుతుంది! నాలుగు పక్కలా 5 మీటర్లు చూసుకుంటే చాలదనే, మూల నుంచి మూలకు 7 మీటర్ల 7 సెంటీమీటర్లు వచ్చిందా లేదా చూస్తారు. చీపురు ఈనెల సంగతి అక్కడ శాస్త్రవేత్తలకి ఎంత తెలుసో, పునాదికి ముగ్గు వేసే మన మేస్త్రికి కూడా అంతే తెలుసు. వాడు 3, 4, 5 అడుగులతో మూల తిప్పేది అందుకే.

రోవరు చేతిలో ఉంది కదా, ఈ పాత గొడవంతా నాకెందుకని అనుకుంటావేమో. ఆ రోవరు ఏం చేస్తుందో తెలుసా? ఉపగ్రహాల సాయంతో ఒక్కో మూల ఎక్కడుందో పట్టి, ఆ మూలల్ని కలిపి లోపల లెక్కించేదీ త్రిభుజాల్లాంటి ముక్కల్నే. కాకపోతే నీకు చూపించదు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు పక్కన సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఒక గీతను గొలుసుతో కొలిచి, అక్కణ్ణుంచి కోణాలు చూసుకుంటూ త్రిభుజం పక్కన త్రిభుజం అల్లుకుంటూ దేశాన్నే కొలవడం మొదలుపెట్టాడు. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో రీసర్వే మొదలైనప్పుడు డ్రోన్లు, రోవర్లు వచ్చాయి. పరికరం మారింది, పని మారలేదు. లోపల ఏం జరుగుతుందో తెలియని మనిషి చేతిలో యంత్రం ఉంటే, రైతు అడిగిన మొదటి ప్రశ్నకే నోరు మూతపడుతుంది. నిన్న నీకు జరిగింది అదే.

ఊళ్ళో మునసబు కరణాలు ఉన్నన్నాళ్ళూ కరణం మాటే లెక్క. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. కరణాల్లో మంచివాళ్ళూ ఉన్నారు, లెక్కను తమ దగ్గరే దాచుకున్నవాళ్ళూ ఉన్నారు. 2019లో సచివాలయాలు వచ్చాక ఊళ్ళకి నీలాంటి సర్వేయర్లు వచ్చారు. ఊళ్ళో కరణం పోయినా చేలో కర్ణం మాత్రం ఉండాలి. అది నీ జేబులో కాదు, అందరి కళ్ళ ముందూ.

కాబట్టి రేపు ఆ రైతు దగ్గరికి మళ్ళీ వెళ్ళు. పక్క చేల వాళ్ళను కూడా పిలువు. రోవరు సంచిలోనే ఉంచు. టేపు మొదలు ఆయన చేతికే ఇచ్చి, మూల రాయి మీద నిలబడమను. నువ్వు ఎదురు మూలకు నడువు. కర్ణం అంకె ఆయన చేతే చదివించు. లంబాలు ఆయన చేతే ఊపించు. లెక్క ఆయన ముందే కట్టు. నాలుగు సెంట్లు తగ్గినందుకు బాధ ఉంటుంది, అది సహజం. కానీ తన చేత్తో కొలిచిన అంకెను ఎవరూ తిట్టరు.

ఇంకొక్క మాట రాసి ముగిస్తాను. నీ పుస్తకంలో ఏ చేను రాసినా, గట్ల కొలతల కింద కర్ణం కొలత రాయకుండా సంతకం పెట్టకు. నీ తర్వాత వచ్చే సర్వేయరు ఆ ఒక్క అంకె ఉంటే చాలు, నువ్వు కొలిచిన చేనును నువ్వు లేకుండానే మళ్ళీ గీసుకోగలడు. అది లేకపోతే నీ నాలుగు అంకెలూ చీపురు ఈనెలే.

ఆశీస్సులతో,
మీ పెద్దమామయ్య